12 బోర్ తుపాకీ తన్ను, ఒక గార్డు భుజం: కేస్ స్టడీ

ఆ గార్డు వయసు 52. సైన్యంలో పనిచేసి రిటైరై, చిత్తూరులో ఒక బ్యాంకు శాఖ దగ్గర ఏజెన్సీ తరఫున గన్‌మన్‌గా ఉన్నారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, కుడిచేతి వాటం. ఏటా జరిగే ఫైరింగ్ ప్రాక్టీసు అయిన మర్నాడు కుడి చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు వేయిద్దామన్నారు. అసలు ఎముక విరిగిందో లేదో చూసుకుందామని ఆయనే ఎక్స్‌రే తీయించుకున్నారు. విరగలేదు. నొప్పి బిళ్లలతో వారం నెట్టుకొచ్చి, తగ్గకపోవడంతో తిరుపతిలో ఫిజియోథెరపీ చేసే నా దగ్గరికి వచ్చారు. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆయన మొదట చెప్పిన మాట ఇది (ఎస్సెల్లార్ అంటే ఎస్ఎల్ఆర్, సైన్యంలో వాడిన సెల్ఫ్ లోడింగ్ రైఫిల్): "మిలిట్రీలో ఎస్సెల్లార్ ఎన్ని రౌండ్లు కాల్చింటానో లెక్కే లేదు సార్. ఒక్కనాడు ఇట్లా కాలేదు. ఈ తుపాకీ ఏందో తంతా ఉండాది."

వయసు మీదపడింది, అందుకే భుజం తట్టుకోలేదు అని తేల్చేయడం తేలిక. ఆయనకు అప్పటిదాకా అందరూ చెప్పింది కూడా అదే. కానీ ఒంటి మీద ఉన్న గుర్తులు వేరే కథ చెప్పాయి.

కమిలిన మచ్చ ఉండాల్సిన చోట లేదు. తుపాకీ బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, సరిగ్గా ఆనితే కాలర్ బోన్ కింద, ఛాతీ కండరానికీ భుజం కండరానికీ మధ్య ఉన్న పల్లంలో కూర్చుంటుంది. ఈయన మచ్చ దానికి బయటగా, భుజం గుండ్రం తిరిగే చోట మొదలై చేతి పైభాగం మీదికి సాగింది. వెడల్పు తక్కువ, ఒక అంచు ముదురు. అంటే బట్ మొత్తం ఆనలేదు, కింది మొన మాత్రమే గుచ్చుకుంది. రెండో గుర్తు కుడి చెంప ఎముక మీద, అప్పటికే పచ్చబడింది. మూడోది కుడి మధ్య వేలి కణుపు మీద వాపు. భుజం కేసులో ఈ మూడో గుర్తును ఎవరూ పట్టించుకోలేదు. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది అదే. డబుల్ బ్యారెల్ తుపాకీ చేతిలో జారి వెనక్కి వస్తే ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు వంపు (ట్రిగ్గర్ గార్డ్) వెనక అంచు తగిలేది మధ్య వేలికే.

పరీక్షలో కోరకాయిడ్ దగ్గర, అంటే భుజం ముందు వైపు లోతుగా వేలికి తగిలే ఆ చిన్న ఎముక కొన దగ్గర, నొక్కితే బాగా నొప్పి. ట్రాప్ షూటింగ్ (గాల్లోకి విసిరిన బిళ్లలను షాట్‌గన్‌తో కాల్చే ఆట) ఆడేవాళ్లలో పదేపదే తగిలే దెబ్బకు ఈ ఎముకలో సన్న పగులు రావడం వైద్యంలో నమోదైన విషయమే. మామూలు ఎక్స్‌రేలో అది తప్పించుకోవచ్చు కాబట్టి చంక వైపు నుంచి తీసే వ్యూ కూడా అడిగాను, అందులోనూ పగులు లేదు. భుజం బయటి వైపు చర్మంలో స్పర్శ బాగుంది. గోడను రెండు చేతులతో నెట్టించినప్పుడు రెక్క ఎముక పైకి లేవలేదు. కాబట్టి నరాలకు దెబ్బ లేదు. కండరం నలగడం, రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాల గుంపు) వాపు, ఇంతే. చికిత్స పెద్ద కష్టం కాదు. మళ్లీ ఏడాది అదే తుపాకీ, అదే భుజం కలిస్తే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

తుపాకీని క్లినిక్‌కు తేవద్దన్నాను. లైసెన్సు ఉన్న ఒక ఆయుధాల దుకాణంలో, ఖాళీ చేసి తెరిచిపెట్టిన తుపాకీని వాళ్ల మెకానిక్ ముందే కొలిచాం. పక్కపక్కన రెండు బ్యారెళ్లు, రెండు ట్రిగ్గర్లు ఉన్న పాతకాలపు 12 బోర్ షాట్‌గన్, అంటే ఒక్కో తూటాలో చాలా చిన్న గుండ్లు ఉండే తుపాకీ. బరువు 2.9 కిలోలు. బట్ చివర గట్టి ప్లాస్టిక్ ప్లేటు, రబ్బరు లేదు.

ఇక ఎస్ఎల్ఆర్ కన్నా ఈ తుపాకీ ఎందుకు ఎక్కువ తంతోందన్న ఆయన సందేహానికి లెక్క. తూటా, దాని వెనక వాయువులు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో (బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) పోతాయో, తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. వాయువులను మరచిపోతే లెక్క తక్కువ వస్తుంది. తూటాలోని పేలుడు మందు కాలి వాయువై గొట్టం చివర నుంచి తూటా కన్నా వేగంగా బయటపడుతుంది. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ పద్ధతిలో రైఫిల్‌కు తూటా వేగానికి 1.75 రెట్లు, షాట్‌గన్‌కు 1.5 రెట్లు వాయువు వేగంగా తీసుకుంటారు.

ఎస్ఎల్ఆర్ 7.62 తూటా దాదాపు 9.4 గ్రాములు, వేగం సెకనుకు 840 మీటర్లు, మందు సుమారు 3 గ్రాములు. తూటా ద్రవ్యవేగం 7.9, వాయువులది 4.4, మొత్తం సుమారు 12.3 కిలోగ్రాం మీటర్ పర్ సెకండ్. నిండు మ్యాగజైన్‌తో రైఫిల్ 5 కిలోలు అనుకుంటే అది సెకనుకు 2.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. గతిజశక్తి 15 జౌల్స్.

12 బోర్‌లో 32 గ్రాముల సీసపు గుండ్లు, గుండ్లను వెనక నుంచి తోసే 3 గ్రాముల వాడ్ (బిరడా), 1.7 గ్రాముల మందు, వేగం 380 మీటర్లు అనుకుందాం. మొత్తం ద్రవ్యవేగం 14.3. ఎస్ఎల్ఆర్ కన్నా 16 శాతమే ఎక్కువ. కానీ తుపాకీ బరువు 2.9 కిలోలే కాబట్టి వెనక్కి వచ్చే వేగం 4.9 మీటర్లు, శక్తి 35 జౌల్స్. ఎస్ఎల్ఆర్‌కు రెండింతలు దాటింది. ద్రవ్యవేగాన్ని వర్గం చేసి తుపాకీ బరువుకు రెట్టింపుతో భాగిస్తే శక్తి వస్తుంది. బరువు కింద ఉంది, అందుకే తేలిక తుపాకీ మోయడానికి సుఖం, కాల్చడానికి శిక్ష. పోలిక కోసం చెప్పాలంటే సైన్యంలో ఎస్ఎల్ఆర్ తర్వాత వచ్చిన ఇన్సాస్ రైఫిల్‌లో ఇది 4 జౌల్స్ చిల్లర. ఎన్‌సీసీ పిల్లలు కాల్చే పాయింట్ 22 రైఫిల్‌లో ఒక జౌల్ కూడా ఉండదు.

ఎస్ఎల్ఆర్‌కు ఇంకో సౌకర్యం ఉంది. అది కొంత వాయువును పిస్టన్ మీదికి మళ్లించి, బోల్ట్‌ను వెనక్కి తోసి, స్ప్రింగును నొక్కి పనిచేస్తుంది. మొత్తం ప్రచోదనం, అంటే భుజానికి చేరే ద్రవ్యవేగం, తగ్గదు గానీ కాస్త ఎక్కువ సమయం మీద పరుచుకుంటుంది. పైగా దాని బట్ బ్యారెల్‌కు దాదాపు సూటిగా ఉంటుంది. పాత 12 బోర్‌కు బట్ బాగా కిందికి వంగి ఉంటుంది. తన్ను వచ్చే గీత పైన, భుజం ఆనే చోటు కింద. ఆ ఎడం వల్ల టార్క్ (తిప్పే బలం) పుట్టి గొట్టం మూతి పైకి లేస్తుంది, బట్ పైఅంచు చెంపకు తగులుతుంది. చెంప మీది పచ్చ మచ్చ అక్కడిది.

ఈ 35 జౌల్స్ అంకె చూపించగానే ఆయన, "మరి అందుకే కదా సార్ దెబ్బ తగిలింది" అన్నారు. కాదు. అమెరికా సైన్యం ఆయుధ పరీక్షల్లో పాటించే పరిమితి ఒకటుంది. రికాయిల్ (తన్ను) శక్తి సుమారు 20 జౌల్స్ లోపు ఉంటే రోజుకు ఎన్ని రౌండ్లయినా కాల్చవచ్చు. 20 నుంచి 40 మధ్య అయితే 200 రౌండ్లు, 60 వరకు 100, 80 వరకు 25. ఆపైన భుజానికి ఆనించి కాల్చనివ్వరు. ఈయన ఆ రోజు కాల్చింది పట్టుమని పది కూడా లేవు. 35 జౌల్స్ తుపాకీతో పది షాట్లకే భుజం ఇలా అయిందంటే, తన్ను ఎంత అన్నది కాదు, అది ఒంట్లోకి ఎలా దిగింది అన్నది చూడాలి.

ఇక్కడ 'బలం' అన్న మాట వాడేటప్పుడు ఏ బలమో చెప్పకపోతే గందరగోళం. గొట్టం లోపల పుట్టే బలం వేరు, భుజానికి తగిలే బలం వేరు. ఎస్ఎల్ఆర్‌లో పీడనం గరిష్ఠంగా 350 మెగాపాస్కల్ దాకా పోతుంది. 7.62 మిల్లీమీటర్ల గొట్టం అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే దాదాపు 16,000 న్యూటన్లు, అంటే 1,600 కిలోల బరువు. 12 బోర్‌లో పీడనం చాలా తక్కువ, 60 మెగాపాస్కల్ అనుకుందాం. కానీ గొట్టం 18.5 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి గుణిస్తే మళ్లీ అదే 16,000 వస్తుంది! ఇది భుజం మీద పడితే ఎవరి భుజమూ మిగలదు. అది పడేది తుపాకీ మీద, అదీ మిల్లీసెకనులో చిన్న భాగం పాటు. తుపాకీ జడత్వమే దాన్ని మింగి, వేగంగా మార్చుకుని, తర్వాత తీరిగ్గా భుజానికి అప్పగిస్తుంది.

ఆ అప్పగింత ఎంత సమయంలో, ఎంత దూరంలో, ఎంత చోటు మీద జరిగింది? నా పనికి కావలసిన లెక్క ఇంతే.

భుజం, నడుము, మోకాళ్లు కలిసి మెత్తగా వెనక్కి ఒదిగి తుపాకీని 5 సెంటీమీటర్లలో ఆపాయనుకోండి. 35 జౌల్స్‌ను 0.05 మీటర్లతో భాగిస్తే సగటు బలం 700 న్యూటన్లు, పట్టిన సమయం 20 మిల్లీసెకన్లు. బట్ పూర్తిగా ఆనితే 40 చదరపు సెంటీమీటర్ల చోటు. చదరపు సెంటీమీటరుకు 17.5 న్యూటన్లు. మామూలు మనిషికి ఇది గట్టి తోపు మాత్రమే.

ఇప్పుడు ఒళ్లు బిగుసుకుపోయి, బట్ ఎముక మీద ఆని, 1.5 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి. సగటు బలం 2,300 న్యూటన్లు, సమయం 6 మిల్లీసెకన్లు. ఆనింది కింది మొన మాత్రమే, 10 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 230 న్యూటన్లు. అదే తుపాకీ, అదే తూటా, అదే ద్రవ్యవేగం. చర్మం మీద ఒత్తిడి మాత్రం 13 రెట్లు. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఈ 13 గురించే. దూరాలు, వైశాల్యాలు నేను అనుకున్న అంకెలే, ఒక్కో మనిషికి మారతాయి. కానీ మచ్చ ఆకారం రెండో లెక్కకే దగ్గరగా ఉంది.

ఖాళీ సంగతి కూడా ఉంది. చాలామంది తుపాకీ తంతుందన్న భయంతో బట్‌ను భుజానికి ఆనీ ఆననట్టు పట్టుకుంటారు. గుండ్లు బ్యారెల్ దాటే లోపల ఈ తుపాకీ వెనక్కి జరిగేది 8 మిల్లీమీటర్ల చిల్లర. ఎస్ఎల్ఆర్ అయితే ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. కాబట్టి సెంటీమీటరు ఖాళీ వదిలితే తుపాకీ తన వేగం దాదాపు అంతా కూడగట్టుకున్నాకే భుజాన్ని కలుస్తుంది. ఆయనకు ఇలా చెప్పాను: "తలుపుకు భుజం ఆనించి నిలబడితే అవతలివాడు ఎంత తోసినా తోపే అన్నా. జానెడు దూరంలో నిలబడితే అదే తలుపు వచ్చి గుద్దుతుంది." బట్‌ను గట్టిగా లాక్కోవడం వల్ల తన్ను తగ్గదు. ఖాళీ పోతుంది, మొదటి క్షణం నుంచే ఒంటి బరువులో కొంత తుపాకీకి తోడవుతుంది.

ఆయన పాత సైనికుడు. ఇవన్నీ తెలిసినవాడే. మరి బట్ ఎందుకు పల్లంలో కూర్చోలేదు? కారణం దుకాణంలోనే దొరికింది. యూనిఫాం వేసుకుని నిలబడమన్నాను. తూటాల తోలు పట్టీ కుడి భుజం మీదుగా వాలుగా వచ్చి, దాని ఇత్తడి బకిల్ సరిగ్గా ఆ పల్లంలోనే పడుతోంది. బట్ అక్కడ పెడితే గుచ్చుకుంటుంది కాబట్టి చేతి మీదికి జరిపారు. బట్ పొడవు కూడా ఆయన ఎత్తుకు కాస్త ఎక్కువ. అందుకే మడమల మీద వెనక్కి వాలి నిలబడటం అలవాటైంది. వెనక్కి వాలిన ఒళ్లు ఇంక ఒదగడానికి ఎక్కడికి పోతుంది?

ఇంతవరకు భుజం, చెంప. వేలు మిగిలింది. మధ్య వేలి గురించి మళ్లీ అడిగితే ముందు దాటవేశారు. తర్వాత మెల్లగా చెప్పారు: చివరి షాట్‌కు రెండు బ్యారెళ్లూ ఒకేసారి పేలాయి. తనదే తప్పంటారేమో, ఉద్యోగం పోతుందేమో అన్న టెన్షన్‌తో ఎవరికీ చెప్పలేదు. "వేలు ఒక్క ట్రిగ్గర్ మీదే ఉండింది సార్, ఒట్టు" అన్నారు.

డబుల్ బ్యారెల్‌లో ఇది రెండు రకాలుగా జరగవచ్చు. మొదటి తన్నుకు వెనక్కి పోయిన తుపాకీ తిరిగి ముందుకు వచ్చేటప్పుడు వంకర వేలు రెండో ట్రిగ్గర్‌ను నొక్కేయవచ్చు. లేదా మొదటి పేలుడు అదురుకే రెండో బ్యారెల్ లాక్ (సుత్తిని ఆపి వదిలే యంత్రం) జారిపోవచ్చు. మెకానిక్ లాక్ విప్పి చూస్తే ఎడమ బ్యారెల్ సుత్తిని పట్టి ఉంచే కొక్కెం అంచు అరిగిపోయి గుండ్రమైంది. ఆయన ఒట్టు వేయనక్కర్లేదు.

దీని లెక్క భయం పుట్టిస్తుంది. రెండు తూటాలకు ద్రవ్యవేగం రెట్టింపు, 28.6. తుపాకీ బరువు అంతే కాబట్టి వేగం రెట్టింపు, సెకనుకు 9.8 మీటర్లు. శక్తి మాత్రం నాలుగింతలు, దాదాపు 140 జౌల్స్. భుజానికి ఆనించి కాల్చవద్దన్న 80 జౌల్స్ గీత ఎప్పుడో దాటిపోయింది. ఆ షాట్‌కు తుపాకీ ఒకటిన్నర సెంటీమీటర్లలో ఆగి ఉంటే కోరకాయిడ్ మిగిలేది కాదని నా అభిప్రాయం. పట్టు జారి తుపాకీ చేతుల్లోంచి వెనక్కి రావడం, మనిషి రెండడుగులు తూలడం వల్ల దూరం పెరిగి భుజం బతికింది. వేలు దాని ఖరీదు.

తూలడం అంటే గుర్తొచ్చింది. సినిమాల్లో తుపాకీ దెబ్బకు మనుషులు గాల్లోకి ఎగిరి అద్దాలు పగలగొట్టుకుని పడతారు. 14.3 ద్రవ్యవేగం 70 కిలోల మనిషికి మొత్తంగా ఇచ్చే వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. కాల్చినవాడు ఎగరకపోతే, తగిలినవాడూ ఎగరడు.

చికిత్స క్లుప్తంగా చెబుతాను, ఇందులో కొత్తేమీ లేదు. నూనె రాసి మర్దన చేయించుకోవడం వెంటనే ఆపించాను. నలిగిన కండరాన్ని తొలి రోజుల్లో గట్టిగా పిసికితే అందులో ఎముక పేరుకునే ప్రమాదం ఉంది. చేతిని వేలాడదీసి ఊపే వ్యాయామాలు, తర్వాత కదలకుండా బలం పెట్టే ఐసోమెట్రిక్స్, నొప్పి తగ్గాక రబ్బరు బ్యాండ్‌తో రొటేటర్ కఫ్, రెక్క ఎముక కండరాలకు పని. వీపు పైభాగం బాగా బిగుసుకుపోయి ఉంది. రోజంతా బ్యాంకు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవారికి అది మామూలే. దానికీ సమయం ఇచ్చాం. కొన్ని వారాల్లో చెయ్యి పూర్తిగా లేచింది.

ఎక్కువ చర్చ తుపాకీ మీదే జరిగింది. బట్‌లో సీసం పోసి బరువు పెంచితే ఎలా ఉంటుందని ఆయనే అడిగారు. 300 గ్రాములు పెంచితే 35 జౌల్స్ సుమారు 32కు దిగుతుంది. పది శాతం లాభానికి రోజంతా అదనపు బరువు. అదే ప్రాక్టీసుకు 24 గ్రాముల గుండ్ల స్పోర్ట్స్ కార్ట్రిడ్జ్ వాడితే ద్రవ్యవేగం 11.1, శక్తి 21 జౌల్స్. ఏ ఖర్చూ లేకుండా నలభై శాతం తగ్గుతుంది. కాగితం మీద గుండ్లు కాల్చడానికి బరువైన తూటా ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రబ్బరు ప్యాడ్ మంచిదే, ఆగే దూరాన్ని పెంచి అంచు గుచ్చుకోకుండా చూస్తుంది. కానీ ఈయనకు బట్ ఇప్పటికే పొడవు. ప్యాడ్ మందానికి తగ్గట్టు కట్టె కోయించకుండా పైన తొడిగితే వెనక్కి వాలడం ఇంకా ఎక్కువవుతుంది. మెకానిక్ కోసి బిగించాడు. కొక్కెం మార్చాడు. తూటాల పట్టీని నడుముకు మార్చుకోవడానికి ఏజెన్సీ ఈయన ఒక్కరికి ఒప్పుకుంది.

నిలబడే తీరు సరిదిద్దడానికి సంచులు తూచే స్ప్రింగ్ త్రాసు పనికొచ్చింది. ఎడమ కాలు ముందుకు, బరువు ముందు పాదం మీద, మోకాలు కాస్త వంచి, చెంప కట్టెకు ఆనించి. కర్రను తుపాకీలా పట్టించి, ఐదారు కిలోలు ఎంత లాగుడో భుజానికి తెలిసేలా త్రాసుతో లాగించాను. అంతకు మించి లాగితే ఒళ్లు బిగుసుకుంటుంది, మళ్లీ ఒకటిన్నర సెంటీమీటర్ల లెక్కకే వస్తాం.

తర్వాతి ప్రాక్టీసుకు 24 గ్రాముల తూటాలతో, చెవులకు మఫ్స్ పెట్టుకుని కాల్చారు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ చెవికి దూదే వాడేవారట. మోత తగ్గితే తన్ను కూడా తక్కువనిపిస్తుంది, ఉలికిపాటు తగ్గుతుంది. మర్నాడు భుజం చూశాను. పల్లంలో అరచేతి వెడల్పున ఎర్రదనం ఉంది, నొక్కితే నొప్పి లేదు. చెంప, వేలు బాగున్నాయి. పోనిది ఒక్కటే: రెండో ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకుంటున్నారు. దానికి డమ్మీ తూటాలు కలిపి, ఏది పేలుతుందో తెలియకుండా ఒకరి చేత నింపించి సాధన చేయమన్నాను. చేస్తున్నారు.

అదే ఏజెన్సీలో మిగతా గార్డుల పట్టీలు ఇంకా కుడి భుజం మీదే ఉన్నాయి. వాళ్ల తుపాకీల లాకులు విప్పి చూపించమని ఆయన చేతే ఒక అర్జీ రాయించాను, జవాబు రావాల్సి ఉంది.